పిట్ట బొమ్మ డబ్బా

కమ్మరి పెద్దులుకు పనిముట్టు కండ్లవడితే ఇగ లోకం కండ్లవడది. ఆకలుండది, దూపుండది, పక్కనున్నోడు ఏమడుగుతుండో చెవులకెక్కది. గా గుణమే ఆయన్ను ఒమాన్ దాక తెచ్చింది. గా గుణమే ఒక శుక్రవారం నాడు ఆయన పానం తీసినంత పనిచేసింది. ఎట్లనంటరా? చెప్త గని, జర నిమ్మలంగ ఇనుండ్రి.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఒమాన్‌ల ఇబ్రా అనే ఊర్ల కొత్త బడి కట్టే కంపెనీల పెద్దులు సలాకలు వంచే పనిల ఉండె. జగిత్యాల దిక్కు మనిషి, వయసు ముప్పై ఎనిమిది. మాట తక్కువ, కోపమెక్కువ, చేతిపనికి మాత్రం వంక పెట్టేటోడు లేడు. రూమ్‌ల ఆయన పక్క మంచం దస్తగిర్‌ది. దస్తగిర్ కడపాయన, కంపెనీ పికప్ తోల్తడు. అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు అచ్చరాలు కూడవెట్టుకోని చదువుతడు, నోరైతే నిద్రల గూడ మూతవడది. పెద్దులును 'నా' అని పిలుస్తడు. వాళ్ల దిక్కు అన్నను గట్లనే అంటరట.

సైట్ ఎనుక ఖర్జూరం తోట, తోటల మట్టి ఇల్లు, ఆ ఇంట్ల సాలిమ్ బిన్ హమద్ అనే ముసలాయన. వయసుల ఉన్నప్పుడు కరాచిల హమాలి చేసిండు, అందుకే వచ్చీరాని హిందీ మాట్లాడుతడు. ఒకపారి ఆయన పార ఊడిపోతె పెద్దులు బిగించి ఇచ్చిండు. ఆ దినం సంది ముసలాయన పెద్దులును పేరువెట్టి పిలువలే, 'హద్దాద్' అనేటోడు. అరబ్బీల హద్దాదంటే కమ్మరే. ఊరుగాని ఊర్ల ఒకలు తన పనిపేరుతోని ప్రేమగ పిలుస్తుంటే పెద్దులుకు కడుపు నిండేది.

ఇబ్రాల పెండ్లంటే మొగోళ్లు వరుసగ నిలవడి పాటవాడుకుంట తుపాకులు మొగులు దిక్కు పేలుస్తరు. తుపాకులేమో తాతల నాటివి. అసొంటి తూటాలు ఇప్పుడు ఏ దుకాణంల దొరకవు. అందుకే పేలిన ఇత్తడి గొట్టాలను ఏరుకచ్చి, అడుగున నిప్పు పుట్టిచ్చే చిన్న రేకు టోపి కాలిపోతె దాన్ని ఊడగొట్టి, కొత్త టోపి ఎక్కిచ్చి, మందు నింపి మళ్ల వాడుతరు. పెండ్లి తూటాల గుండు ఉండది, మీద గుడ్డపేలిక కుక్కుడే. నలభై ఏండ్లసంది ఆ నింపే పని సాలిమ్ వసారలనే నడుస్తుంది. ఇప్పుడేమో ముసలాయన కండ్లకు పొరలచ్చినయి, మనుమని పెండ్లి నెల దినాలల్ల ఉంది.

"హద్దాద్, నాకు నీ కండ్లు కావాలె" అన్నడు ఒకనాడు పెద్దులుతోని.

పెద్దులు నవ్విండు. ఎందుకంటే గీ పని ఆయనకు కొత్తగాదు. ఆయన బాపు మొండయ్య ఊరి దొరకు ముప్పై ఏండ్లు షికారు తూటాలు నింపినోడు. మొండయ్య నింపిన తూటా తుస్సుమన్నదనే మాటే లేదని పక్కూరి గడీలోళ్లు గూడ ఆయన దగ్గరికే పంపేటోళ్లు. ఆ ముచ్చట సాలిమ్‌కు చెప్పిండు. ఎనుక ఏమైందో మాత్రం చెప్పలే.

ఇగ ఆ శుక్రవారం. వసారల ఒక కట్టె పెట్టె ఉంది. బౌషర్‌ల ఉండే ఇంగ్లీషాయన ఒమాన్ ఇడిసిపోతుంటే, ఆయనింట్ల కావలిగాసే సాలిమ్ మేనల్లుడు అడిగి తెచ్చుకున్నడట. ఆ ఇంగ్లీషాయన తన తూటాలు తనే ఇంట్ల నింపుకునేటోడు. పెట్టె నిండ ఆ సామానే.

"అన్నీ నాకెందుకు? పనికచ్చేటివి ఏరి పెట్టు. మిగిలినయి పిలగాడు మత్రా బజార్ల అమ్ముకుంటడు" అని సాలిమ్ కహ్వా కాఫీ పోసిచ్చిండు. దస్తగిర్ ఖర్జూరాల పళ్లెం ముంగట జరుపుకున్నడు.

ఇగ చూడాలె పెద్దులు సంబురం! చేతులు తొడలకు తుడుసుకోని పెట్టె ముంగట గొంతుక్కూసున్నడు. మొదలు ఒక ఇనుప యంత్రం ఎత్తిండు. బల్లకు బిగిచ్చి పిడి గుంజితె తూటా తయారైతది. పిడి రెండుసార్లు ఆడిచ్చి, "పోతపని అంటే గిదీ! ఎవడో పనోడే చేసిండు" అన్నడు. దానెంట వచ్చిన అచ్చులను సాలిమ్ పాత గొట్టం మీద పెట్టి చూసి పెదవిరిసిండు.

"పట్టయి చాచా. ఇవి సన్న తూటాల అచ్చులు, మీది బొద్దు తూటా. అచ్చు పట్టకపోతె యంత్రం ఎందుకు, ఊకె జాగ తినుడు తప్ప."

యంత్రం పక్కకు పోయింది. కాలిన టోపిని ఊడగొట్టే చీలను గోటితోని మీటి చూసిండు. రెండు దెబ్బలకే వంగుతదన్నడు, సైట్ల మంచి ఉక్కుముక్క ఉంది, తనే సానవట్టి తెస్తనన్నడు. రాగి గరాటు మాత్రం ముద్దుగ చూసుకోని ఉంచిండు. ఇనుపదైతె నిప్పురవ్వ రాలుతదని బాపు ఎన్నడు రాగిదే వాడేటోడు. గొట్టం లోపట తుడిచే బురుసు ఉంచిండు. కొత్త టోపి ఎక్కిచ్చే పట్కారు ఉంచి, దాని నోరు జర ఆకురాయితోని రాకాలె అన్నడు.

"ఏం నా, పెండ్లికూతురు నగలు ఏరినట్టు ఏరుతాండావే!" అని దస్తగిర్ నవ్విండు.

పెట్టె అడుగున ఒక చిన్న తరాజు దొరికింది. కంసాలి తరాజు కన్న చిన్నది, ముట్టుకుంటే వణుకుతది. పెద్దులు దాన్ని ఒక్కపారి చూసి యంత్రం పక్కకు పడేసిండు.

"గిదెందుకు? మా బాపు జన్మల తరాజు పట్టలే."

అని అంగిజేబులకెంచి ఒక ఇత్తడి గురిగి తీసిండు. సైట్ల దొరికిన పైపుముక్కను కోసి, అడుగు అతికి, నాలుగు దినాలు కూసోని రాకిండు. "మా బాపు కొలత గిది. గదే లోతు, గదే మూతి. ఒక్కసారి ముంచి సాపు చేస్తె ఒక్క తూటా. మన పని గిట్ల అయిపోతది" అని చిటికేసిండు.

సాలిమ్ ఆ గురిగిని ఏళ్లతోని తడిమి చూసిండు. "మంచి పని. ఏ మందుకు ఈ కొలత?"

"ఏ మందేంది చాచా? మందంటే మందే గద."

ముసలాయన గురిగిని మళ్ల పెద్దులు చేతుల పెట్టిండు. పెద్దులు మళ్ల పెట్టెల చెయ్యి పెట్టి ఆఖరి సామాను తీసిండు. అదొక రేకు డబ్బా. ఎర్రగ ఉంది, మీద రెక్కలు ఇప్పుకున్న పిట్ట బొమ్మ. పెద్దులు మొఖం ఇంతగయింది.

"అరె! మా ఇంట్ల గిదే డబ్బా ఉంది! నా పెండ్లాం పదిహేనేండ్లసంది ఉప్పు పోసుకుంటది!"

"ఉప్పు ఇప్పుడు పోసుకుంటాది సరే, అప్పుడు దాంట్లో ఏముండెనో" అని దస్తగిర్ ఆ డబ్బా అందుకున్నడు. ఎనుక తిప్పి, అంటిచ్చిన కాయిదం మీది అచ్చరాలు మెల్లగ కూడవెట్టుకోని చదివిండు. చదివి, మళ్లొకపారి చదివిండు. "ఎర్ర అచ్చరాలతో రాసినారు నా. ఇది పొగ రాని మందంట. పాతకాలం నల్ల తుపాకిమందు కొలతతో దీన్ని కొలవద్దు అని రాసినారు. ప్రాణాపాయం అంట."

సాలిమ్ తలకాయ ఊపిండు. లేచి లోపలికి పోయి తన నల్ల మందు కుప్పె తెచ్చిండు. అవుతల రాయి మీద రెండు మందులు చిటికెడు చిటికెడు దూరం దూరం పోపిచ్చి, దస్తగిర్‌ను అంటుపెట్టమన్నడు. నల్ల మందు బుస్సుమని ఇంత పొగ లేపింది. రెండోది మంట లేపి పోయింది, పొగ లేదు, బూడిద లేదు.

"రెండు మందులు, రెండు గుణాలు" అన్నడు సాలిమ్. "దీని కొలతల దాన్ని పోస్తె తుపాకి ముందటికి పేలది హద్దాద్. పేల్చినోని మొఖం మీద పేలుతది. తరాజు ఎందుకు ఉంచుకోవాలెనో ఇప్పుడు సమజయిందా?"

పెద్దులుకు సమజయింది. తరాజు ముచ్చట గాదు, ఇంకో ముచ్చట సమజయింది. కూసున్నకాడనే కూసున్నడు, చేతులున్న గురిగి కింద పడ్డది. "ఏమైంది నా?" అని దస్తగిర్ దగ్గరికి జరిగిండు.

ఏమైందో నేను చెప్త. పదిహేనేండ్ల కిందటి ముచ్చట. పెద్దులుకు అప్పుడు ఇరవై మూడేండ్లు, యాదవ్వ కొత్తగ కాపురానికచ్చింది. దొర బామ్మర్ది షికారుకు వస్తుండని గడీల హడావిడి. మందు అయిపోయింది, పట్నం పోయి తెమ్మని మొండయ్య కొడుకును తోలిండు. దుకాణంల షావుకారి, "నల్ల మందు లేదు, గిది విలాయతి మందు, పొగ రాదు, జోరెక్కువ. డబ్బా మీద రాసింది చదివి పోసుకోండ్రి" అన్నడు. పెద్దులు ఆ మాట ఇన్నడా అంటే ఇన్నడు, చెవులకెక్కిందా అంటే ఎక్కలే. కండ్లన్నీ డబ్బా మీదనే ఉండె. ఎర్ర డబ్బా, రెక్కలిప్పిన పిట్ట! కొత్త పెండ్లానికిస్తె ఎంత సంబురపడుతదో అని బస్సుల పొడుగూతా గదే సోయి.

ఇంటికి రాంగనే మందును బాపు పాత కుప్పెల గుమ్మరిచ్చి, డబ్బా తీస్కపోయి యాదవ్వ చేతుల పెట్టిండు. మొండయ్య చిటికెడు మందు అరచేతుల ఏసుకోని, "ఏందిరా, గింజ వేరే తీరుగుంది?" అన్నడు. ఇగో, అప్పుడు చెప్పుంటే అయిపోయేది. షావుకారి గిట్లన్నడు బాపూ అని ఒక్క ముక్క! చెప్పలే. "గదే మందు. నీకు అన్నిటికి అనుమానమే" అని కసురుకున్నడు. కొడుకు మాట నమ్మి మొండయ్య తన కొలత కుప్పెల ముంచిండు.

తెల్లారి గుట్టకాడ తుపాకి పగిలింది. దొర బామ్మర్దికి ఒక కన్ను పోయింది. పొద్దుగూకక ముందే గడీ మనుషులు వాడల దిగిండ్రు, ఇల్లంత ఎతికిండ్రు. ఎవలు నింపిండ్రని అడిగితె మొండయ్య ముంగటికచ్చి నిలవడ్డడు. "నేనే నింపిన. కండ్లు మసకలైనయి, కొలత తప్పింది" అన్నడు. ఇగ ఆ ముసలాయన్ను ఆయన కొలిమి కాడికే తీస్కపోయి, ఇనుము కొట్టే ఆయన దాయి మీదనే కుడిచెయ్యి పెట్టిచ్చి, ఆయన సమ్మెటతోనే కొట్టిండ్రు. నాలుగు చేతిఏళ్లు నుగ్గునుగ్గయినయి. పెద్దులును ఇద్దరు మనుషులు రెక్కలు ఇరిచి పట్టుకోని అంతా చూపెట్టిండ్రు. థూ, ఏం మనుషులో!

ఆ దినం సంది కొలిమి సల్లారింది. దొరకు భయపడి ఊరోళ్లు నాగళ్ల కర్రులు పక్కూర్ల సాగదీపిచ్చుకున్నరు. పెద్దులు కూలికి పోయిండు, బీడీల కార్ఖానకు పోయిండు, ఆఖరికి ఏజెంటును పట్టుకోని ఒమాన్ మొఖం పట్టిండు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న తన డబ్బా యాదికచ్చిందా? రాలే. బాపే చెప్పిండు గద కొలత తప్పిందని! అన్నం దొరకని ప్రతి దినం బాపు చెయ్యినే తిట్టుకున్నడు. పైకి గూడ అన్నడు. జగిత్యాల బస్సు ఎక్కే దినం, ఊరు ఊరంత సాగదోలనచ్చినకాడ అన్నడు. మొండయ్యకు కొలిమి మోతకు చెవులు ఎన్నడో పోయినయి, ఏమన్నా ఒర్రి చెప్పాలె. ఒర్రే చెప్పిండు.

"నీ చెయ్యి తప్పకుంటె నాకీ ఎడారి బతుకెందుకు!"

మొండయ్య ఎడమచేతితోని సద్దిమూట అందిచ్చి, "పోయిరా బిడ్డా" అన్నడు. అంతే.

గిదంతా పెద్దులు సాలిమ్ వసారల కూసోని చెప్పిండు. సగం తెలుగు, సగం హిందీ. దస్తగిర్ ఖర్జూరాల పళ్లెం ఎప్పుడో పక్కకు జరిపిండు. ఆఖరికి పెద్దులు, "నా బాపు చెయ్యి నేను కొట్టిన చాచా. సమ్మెట ఒకటే వాళ్లది" అని మొఖం మోకాళ్లల్ల పెట్టుకున్నడు. సాలిమ్ ఆయన ఈపు మీద చెయ్యేసి నిమిరిండు.

రూమ్‌కు రాంగనే పెద్దులు దస్తగిర్ టేపురికార్డర్ అడిగిండు. ఆ రోజులల్ల గల్ఫుల ఉన్నోళ్లు జాబుల కన్న టేపులే ఎక్కువ పంపేటోళ్లు. ఊర్ల మిషిని ఉన్నోళ్ల ఇంటి ముంగట టేపు పెడితె వాడంత పోగై ఇంటది, ఎవలి టేపైనా అందరిది. గదే దస్తగిర్ భయం.

"వద్దు నా. ఊరంతా వింటాది. పైగా మీ నాయనకు చెవుడంటివి, వదిన అందరి ముందర అరిచి చెప్పల్ల. గుట్టుగా జాబు రాస్తా, నువ్వు చెప్పు."

"జాబు యాదవ్వ దాస్తది. బాపుకు బాధైతదని చెప్పది" అన్నడు పెద్దులు. "ఊరి ముంగట తిట్టిన దస్తగిరూ. ఊరి ముంగటనే చెప్పాలె."

దస్తగిర్ కొత్త కేసెట్ ఒకటి తీసి మిషిన్ల పెట్టి, మీట నొక్కి, అవుతలికి పోయి తలుపు దగ్గరేసిండు. పెద్దులు మిషిని ముంగట పద్మం ఏసుకోని కూసున్నడు. తరువాత మొదలువెట్టిండు.

"బాపూ. నేను పెద్దులును. ఆనాడు నీ చెయ్యి తప్పలే. నేను తెచ్చిన మందే వేరే మందు. షావుకారి చెప్పిండు, డబ్బా మీద గూడ రాసుందట, నేను పట్టిచ్చుకోలే. నువ్వు అడిగితె గదే మందని అబద్ధమాడిన. ఇంట్ల ఉప్పు డబ్బా ఉంది సూడు, గదే ఆ మందు డబ్బా. నీ కొలత మంచిదే బాపూ. ఎన్నడు తప్పలే. బస్సు కాడ అన్న మాట నేను మింగలేను, కక్కలేను. నా మీద ఉమ్మెయ్యి. ఇంట్లకు రావద్దంటె రాను. గంతే. యాదవ్వా, ఒక్క ముక్క ఇడువకుంట బాపు చెవుల చెప్పు."

అదే వారం వాళ్ల కంపెనీలనే పనిచేసే మల్లేశం సెలవు మీద జగిత్యాల పోతుండె. కేసెట్ ఆయన చేతుల పెట్టిండు. మల్లేశం సంచిల ఏసుకున్నంక గూడ పెద్దులు రెండుసార్లు ఎనుకకచ్చి, "భద్రం" అన్నడు.

ఇగ ఇబ్రాల పని ఆగదు గద. మరుసటి శుక్రవారం పెద్దులు మళ్ల సాలిమ్ వసారకు పోయిండు. తను రాకిన గురిగిని రాయి మీద పెట్టి సుత్తెతోని చప్పటగ కొట్టిండు. పక్కకు పడేసిన తరాజును తెచ్చి నడుమ పెట్టిండు. పిట్ట బొమ్మ డబ్బాను మాత్రం కండ్లెత్తి చూడలే, మందుతోని సహ దాన్ని ఇంటి బయటికి పంపియ్యుమన్నడు. సాలిమ్ నల్ల మందు ఒకటే ఉంచిండ్రు. ముసలాయన ఎంత చెప్తె అంత, తరాజు ముల్లు నిలవడ్డదాక ఊపిరి బిగవట్టుకోని తూచి, ఆ తూకానికి సరిపోను కొత్త గురిగి చేసిండు. ఒక్కొక్క తూటా సాలిమ్ తడిమి చూసి అవుతల పెడుతుంటె, అంత చీకటి కండ్లతోని ముసలాయన ఎంత నమ్మకంగ చూస్తుండో అని పెద్దులుకు దుఃఖం ఉబికొచ్చేది. మొండయ్య గూడ గట్లనే నమ్మిండు.

పెండ్లి దినం పెద్దులును, దస్తగిర్‌ను పిలిచిండ్రు. డోళ్లు మోగుతుంటె మొగోళ్లు రెండు వరుసలు నిలవడ్డరు. మొదటి తుపాకి లేచింది. పెద్దులు పిడికిళ్లు బిగవట్టిండు. ధామ్మన్నది, ఇంత తెల్లపొగ ఖర్జూరం చెట్ల మీదికి పోయింది. పేల్చినాయన నవ్వుకుంట తుపాకి దించిండు. తరువాత ఇంకోటి, ఇంకోటి. ప్రతిసారి పెద్దులు చూసేది తుపాకిని గాదు, పేల్చినోని కండ్లను, చేతులను. అన్నీ అయిపోయినంక సాలిమ్ తడుముకుంట వచ్చి ఆయన భుజం పట్టుకున్నడు.

"ఊపిరి ఇడువు హద్దాద్. అందరు మంచిగున్నరు."

అప్పుడు ఏడ్చిండు పెద్దులు. హల్వా పళ్లెం చేతుల పట్టుకోని అంతమందిల ఏడ్చిండు. పెండ్లింట్ల గిదేం ఏడుపని ఎవలన్న అడుగుతరేమోనని దస్తగిర్ అడ్డం నిలవడ్డడు.

రెండు నెలలకు మల్లేశం వాపసు వచ్చిండు. సకినాలు తెచ్చిండు, మామిడికాయ తొక్కు తెచ్చిండు, ఒక కేసెట్ తెచ్చిండు. పెద్దులు సకినాల మూట ఇప్పనే లేదు. శుక్రవారం పొద్దుగాల దస్తగిర్ మిషిన్ల కేసెట్ పెట్టి లేవబోతె, "పోకు. ఈన్నే ఉండు" అని చెయ్యి పట్టుకున్నడు.

మొదలు యాదవ్వ గొంతు.

"ఇగో, నేను యాదవ్వను మాట్లాడుతున్న. పిల్లలు మంచిగున్నరు. బర్రె ఈనింది, దుడ్డె. నీ టేపు శాంతవ్వ ఇంటి ముంగట పెట్టినం, వాళ్ల పిలగాడు దుబాయికెంచి మిషిని తెచ్చిండు గద. వాడంత వచ్చిండ్రు. నువ్వు ఒక్కొక్క మాట అంటుంటె నేను మామ చెవుల ఒర్రి చెప్తున్న. మందు ముచ్చట రాంగనే నాకు నోరు పెగల్లే. మామ నా మొఖం చూసి, ఏమంటుండే పిల్లా, చెప్పు అన్నడు. చెప్పిన. నా గొంతు పోయింది ఆ దినం. మామ లేచి ఇంట్లకు పోయిండు. ఉప్పు డబ్బా తెచ్చి అందరి నడుమ పెట్టిండు. దీని ఎనుక కాయిదం ఎవలు గీకిండ్రు పిల్లా అని నన్నడిగిండు. నాకేమెరుక? నువ్విచ్చిన తెల్లారి అది పొయ్యెనుక మసి పట్టి దొరికింది, నేను బూడిదవెట్టి తోమిన, కాయిదం అప్పటికే లేదు. గదే చెప్పిన. అప్పుడు మామ... ఉండు, ఆయనే మాట్లాడుతనంటుండు. మామా, గిక్కడ, గీ గుబ్బ కాడ మాట్లాడు."

బరబర చప్పుడైంది. తరువాత మొండయ్య గొంతు రూమంత నిండింది. చెవుడున్నోళ్లు ఎట్ల మాట్లాడుతరో గట్ల, దూరం పొలంల ఉన్నోన్ని పిలిచినట్టు.

"పెద్దులూ! ఒరే పెద్దులూ! ఇనవడుతుందా? నేనే గీకిన్రా కాయిదం. తుపాకి పగిలిందని తెల్వంగనే మిగిలిన మందు చిటికెడు నిప్పుల ఏసి చూసిన. పొగ రాలే. వంటింట్ల డబ్బా చూసిన. అప్పుడే ఎర్కయింది. మందు బాయిల పోసిన, కాయిదం గీకి పొయ్యిల ఏసిన, పిట్ట కనవడకుంట మసి పూసిన. గడీ మనుషులు డబ్బా చూస్తె ఎవని చెయ్యి దాయి మీద పెడుదురు? నీదే గదరా! నా చెయ్యి అప్పటికే నలభై ఏండ్లు పని చేసింది. నీది ఇంక మొదలే గాలే."

దగ్గు వచ్చింది ముసలాయనకు. ఎనుక ఎవలో మంచినీళ్లు ఇయ్యుండ్రి అంటున్నరు.

"నీకెందుకు చెప్పలేదంటవా? చెప్తె నువ్వు ఊకుంటవా? గడీకి ఉరికి, తెచ్చింది నేనే అంటవు. నీ కోపం నాకెర్కలేదా! బస్సు కాడ నువ్వన్నది నాకు ఇనవడ్డది. మంచిగ ఇనవడ్డది. అననియ్యి అనుకున్న. నా మీద కోపముంటేనే నయం, నిజం తెలిస్తె పోరడు ఎట్ల బతుకుతడు అనుకున్న. ఇప్పుడు తెలిసింది. ఏం చేస్తం, తెలిసింది. ఇంటికి రాను గీను అంటె పండ్లు రాలగొడ్త. డబ్బాల ఉప్పు నింపే ఉంది, వచ్చి తిను."

పెద్దులు రెండు చేతులతోని నోరు మూసుకున్నడు. టేపు తిరుగుతనే ఉంది.

"ఒరే. అక్కడ ఇనుప సలాకలు వంచుతవట గద. నీ చేతులెట్లున్నయి? ఏళ్లన్నీ మంచిగున్నయా?"

అని ఊకున్నడు మొండయ్య. జవాబు కోసం చూస్తుండు. టేపుల చప్పుడు లేదు, దూరంగ కోడి కూస్తుంది, ఎవలో చిన్నగ ముక్కు చీదుతున్నరు. చానసేపయినంక మొండయ్య గొంతు మళ్ల వినవడ్డది, ఈసారి జర తగ్గి.

"ఏమంటలేడేందే యాదవ్వా?"

"మామా, గది టేపు. ఇప్పుడు మాట్లాడడు."

"ఎందుకు మాట్లాడడు? ఇంక అలిగే ఉన్నడా?"

టప్పుమని చప్పుడైంది. అటెనుక రీలు ఉత్తదే తిరిగింది.

పెద్దులు మిషిని మీదికి వంగిండు. రెండు చేతులు దాని ముంగట చాపిండు, ఏళ్లు పదింటిని ఇడువిడిగ చేసి పెట్టిండు. పక్క రూమోళ్లు ఏమైందోనని ఉరికొచ్చేటంత గట్టిగ, చెవుటాయనకు చెప్పినట్టు ఒర్రిండు.

"మంచిగున్నయి బాపూ! ఏళ్లన్నీ మంచిగున్నయి! నేను అలుగలే బాపూ!"

దస్తగిర్ మిషిని ఆపలే. రీలు అయిపోయేదాక పెద్దులు చెప్తనే ఉన్నడు.